జీడిగాడికి ఏడో నెల

గొర్రెల గవరయ్య గొంగట్లో చుట్టి తెచ్చాడు వాణ్ణి,
పద్మనాభం నుంచి ఆనందపురం దాకా నడిచి
అక్కణ్ణించి షేర్ ఆటోలో.
"దీని తల్లి నూరు గొర్రెల్ని కాసింది.
నీ యాబై కోళ్ళని ఈడు కాయనేడేటి?"
రెండు పుంజులు అడిగి
ఒకదానితో సరిపెట్టుకున్నాడు.

నల్లజీడి నలుపు. అందుకే జీడిగాడు.
పాదాలు మాత్రం ఒంటికంటే ముందే పెరిగి
ఎవరి చెప్పులో వేసుకొచ్చినట్టుండేవి.

అడవివరం దాటాక కొండవార మా పాక.
రాత్రిళ్ళు కంబాలకొండ దిగి వచ్చేవాటికి అంతు లేదు,
ముంగిస, జంగుపిల్లి, వానాకాలమైతే ఉడుము.
పొద్దున్నే నేను లెక్కపెట్టేది కోళ్ళని కాదు,
ఖాళీలని.

మొదటివారం
కోడిపిల్లల్ని కమ్మే గంపకిందే వాణ్ణీ కమ్మాను.
సందుల్లోంచి కోళ్ళు వాణ్ణి చూశాయి, వాడు కోళ్ళని చూశాడు.
లోపలున్నది ఎవరో కాసేపు తేలలేదు.

తర్వాత తాడు.
ఒక కొస నా నడుముకి, ఒక కొస వాడి మెడకి.
నూకలు చల్లినా, నీళ్ళు మార్చినా, పెంట ఎత్తినా
నా వెనకే ఆ పెద్ద పాదాలు.
పొదుగు మీదున్న డేగపెట్ట
ముక్కు మీద ఒక్కటిచ్చింది.
కుయ్యిమంటూ నా కుచ్చిళ్ళలో దూరాడు.
పెట్టనేమీ అనలేదు నేను.
ఆ పాఠం చెప్పడం నాకు రాదు.

ఏడో నెల.
తవుడుకోసం గోశాల కూడలికెళ్ళి వచ్చేసరికి
తెల్లపెట్ట పడుంది.
పంటిగాటు లేదు. నెత్తురు చుక్క లేదు.
మెడనుంచి తోకదాకా ఉమ్మితో నానిపోయి
ఎవరో తలంటి ఆరబెట్టడం మరిచిపోయినట్టు.
పక్కనే వాడు
ముందుకాళ్ళు చాపి, నడ్డి పైకెత్తి, తోక ఊపుతూ...
లేస్తుందని. ఇంకో ఆట ఉందని.

సన్నాసమ్మత్త గోడ మీంచి చూసింది.
"సచ్చిన కోడిని దాని మెడకే కట్టీ. కుళ్ళి రాలీదాకా ఉంచీ.
రగతం మరిగిన కుక్క, ఇంక బాగుపడదు గుంటా."
"రగతమే లేదు కదత్తా" అన్నాను.

తాడు ఒక చేతిలో, కోడి ఒక చేతిలో.
వాడి మెడ నా ఎదురుగానే, వంచి.

ఆరేళ్ళప్పుడు నేను
ఒక కోడిపిల్లని గుప్పిట్లో పెట్టుకుని పడుకున్నాను.
చలేస్తుందేమోనని.
పొద్దున్న మా అమ్మ నా వేళ్ళు
ఒక్కొక్కటే విప్పింది.
నా మెడకి ఎవరూ ఏమీ కట్టలేదు.

జామమొక్క మొదట్లో కోడిని పాతేశాను.
తాడు మళ్ళీ నా నడుముకే.
ఫోన్లో గవరయ్య నవ్వాడు,
"కోరలు తొందరగానే వొచ్చెత్తాయమ్మా.
బుద్ధికే రెండేళ్ళు పడతాది."
తవుడు ధర చూసినప్పుడల్లా ఆ రెండేళ్ళూ నాలుగనిపించేవి.

మరుసటేడు కార్తీకంలో వాయుగుండం.
ఓడరేవులో మూడో నంబరు జెండా ఎగరేశారన్నారు.
కరెంటు పోయింది, ఒక రేకు లేచిపోయింది.
నడిరాత్రి ఒక్క మొరుగు.
ఎప్పుడూ వినని గొంతు, నూతిలోంచి వచ్చినట్టు.
టార్చి వేస్తే కంచె అవతల రెండు పచ్చటి కళ్ళు,
మళ్ళీ వేస్తే వాన.

తెల్లవారి లెక్కపెట్టాను. నలభై ఏడు.
ఉండాల్సింది నలభై ఎనిమిది.
గుండె జారింది.

చూరుకింద జీడిగాడు తడిముద్దలా పడుకునున్నాడు.
వాడి కడుపుకీ వెనక్కాలుకీ మధ్య
పొడిగా మిగిలిన జానెడు చోటులో
డేగపెట్ట.
లేచి, రెక్కలు దులుపుకుని, నా మొహం కూడా చూడకుండా
వెళ్ళిపోయింది.
అక్కడ ఒక గుడ్డు.

వాడు కదల్లేదు.
తప్పు చేసినట్టు నా వంక చూశాడు.
గుడ్డు తీసుకున్నాను, ఇంకా వెచ్చగా ఉంది.
అప్పుడు లేచాడు, కాళ్ళు పట్టేసి కుంటుతూ
కంచె దాకా పోయి
కాలెత్తి,
ఎంతసేపో
దించలేదు.